ఇంటి డౌన్‌లైట్లకు డిమ్మరు స్విచ్చి: ఎన్నికయు, అమరికయు

విత్తనము, ఎరువు, మోటారు మొదలగు వానిని గూర్చి మాటలాడుటకు మేము గ్రామములకు బోవునప్పుడు, సంఘ సభ్యులు గృహ విషయములను గూర్చియు మమ్మడుగుట క్రొత్త కాదు. ఇటీవల నిండ్లు గట్టుకొన్న రైతులు మమ్ము లోపలికి బిలిచి పైకప్పు చూపుచున్నారు. పెంకుటిండ్ల స్థానమున స్లాబు ఇండ్లును, స్లాబు క్రింద జిప్సము పలకల ఫాల్సు సీలింగును, ఆ సీలింగులో గుండ్రముగా దిగవేసిన ఎల్.ఇ.డి. డౌన్‌లైట్లును నేడు పల్లెలలో వింత కావు. ఒక్కొక్క హాలులో ఆరో, ఎనిమిదో దీపములుండును. అన్నియు వెలిగినచో పట్టపగలు; ఆర్పినచో కటిక చీకటి. నడిమి వెలుగు లేదు. “వెలుగును తగ్గించుకొను డిమ్మరు అను స్విచ్చి యున్నదట. దానిని బెట్టింపవచ్చునా?” అని వారడుగుచున్నారు.

పెట్టింపవచ్చును. కాని ముందుగా నొక్క మాట జ్ఞాపకముంచుకొనవలెను. డిమ్మరు ఒంటరి వస్తువు కాదు. అది దీపముతో కాడి గట్టిన జత. జత కుదిరినచో ఇరువదేండ్ల వయసువాడును, ఎనుబదేండ్ల వృద్ధుడును ఒకే గదిలో సుఖముగా గూర్చుండగలరు. జత కుదరనిచో, ఎద్దు ఎండకు లాగగా దున్న నీడకు లాగినట్లగును. దీపమును చెడును, స్విచ్చియు చెడును, పెట్టిన డబ్బును పోవును. ఈ జతను గుర్తించుట యెట్లో, పనివానిచేత సరిగా నమర్పించుకొనుట యెట్లో, అసలు డిమ్మరు అక్కరలేని చోట లేవియో యీ వ్యాసమున వివరించుచున్నాము.

వెలుగు తగ్గింపవలసిన యవసరము

ఇది విలాసము కొరకు మాత్రమే యని కొందరు తలంతురు. అది సరి కాదు. చదువుకొను పిల్లవానికి నిండు వెలుగు కావలెను. కంటి శుక్లములు తీయించుకొన్న ముదుసలికి తలపైనుండి సూటిగా బడు తెల్లని వెలుగు బాధాకరము. పసిబిడ్డకు రాత్రివేళ పాలిచ్చు తల్లికిని, రోగి ప్రక్క మేలుకొని యుండువారికిని మసక వెలుగు చాలును. మధ్యరాత్రి లేచి మరుగుదొడ్డికి బోవు వృద్ధుడు చీకటిలో తడబడి పడుటకన్న సన్నని వెలుగులో నడచుట మేలు. కావున హాలునకును, పడకగదికిని డిమ్మరు యుక్తమే. వంటగది, మెట్లు, స్నానపుగది, పశువులపాక వీనికి డిమ్మరు వలదు. అచ్చట కావలసినది నిండు వెలుగు. కత్తి, నిప్పు, నీళ్లు, పాములు ఉండుచోట మసక వెలుగు కీడు.

పాత బల్బునకును, క్రొత్త దీపమునకును భేదము

మన పెద్దలు వాడిన తీగబల్బు మిక్కిలి సాదా వస్తువు. లోని తీగ కాగి వెలుగును. విద్యుత్తు తగ్గిన వెలుగు తగ్గును, హెచ్చిన హెచ్చును. సాయంకాలమున ఊరి మోటార్లన్నియు నొకేసారి తిరుగుటచే వోల్టేజి పడిపోయినప్పుడు బల్బు ఎఱ్ఱబడి మినుకుమినుకు మనుట మన మెల్లరమును జూచినదే. అట్టి బల్బునకు డిమ్మరు పెట్టుట సులభము. 1959లో అమెరికా దేశమున జోయెల్ స్పైరా అను నతడు ఇంటిగోడకు బిగింపదగిన చిన్న డిమ్మరును గనిపెట్టినప్పుడు, దానిని తీగబల్బులకొరకే చేసెను. నేటికిని అంగళ్లలో దొరకు డిమ్మరులలో ననేకము ఆ వంశములోనివే.

ఎల్.ఇ.డి. దీపము అట్టిది కాదు. 2015 జనవరి 5వ తేదీన ఉజాలా పథకము ఆరంభమైన పిమ్మట ఈ దీపములు పల్లెపల్లెకును జేరినవి. వీనిలో వెలుగునిచ్చు బిళ్ల వేఱు, దానికి విద్యుత్తు నందిచ్చు డబ్బా వేఱు. ఈ డబ్బాను డ్రైవరందురు. డౌన్‌లైటునకు సీలింగుపైన తీగతో వ్రేలాడు చిన్న పెట్టె యిదియే. బిళ్లకు వలసిన విద్యుత్తును సమముగా నిచ్చుట దాని పని. మన దేశమున నమ్ముడు పోవు డ్రైవరులలో ననేకము 100 వోల్టులు మొదలు 300 వోల్టుల వరకు దేనినైనను తట్టుకొని ఒకే వెలుగు నిచ్చునట్లు చేయబడినవి. పల్లె కరెంటునకు ఇది గొప్ప గుణము. వోల్టేజి పడినను దీపము మసకబారదు.

చిక్కు ఇచ్చటనే యున్నది. డిమ్మరు చేయు పని విద్యుత్తును కొంత ఆపుట. డ్రైవరు చేయు పని ఎంత ఆపినను వెలుగు తగ్గకుండ నిలుపుట. ఏ గుణము చూచి మనము ఆ దీపమును మెచ్చుకొన్నామో, ఆ గుణమే డిమ్మరునకు శత్రువు. ఒకడు తూము మూయుచుండగా నింకొకడు గడ్డపారతో గండి కొట్టుచున్నట్లుండును. అందుచేత సాధారణ ఎల్.ఇ.డి. దీపమునకు డిమ్మరు బెట్టినచో, త్రిప్పునప్పుడు కొంతవరకు వెలుగేమియు తగ్గదు; పిమ్మట నొక్కుమ్మడిగా మినుకుమినుకుమని యారిపోవును. ఈ పెనుగులాటలో డ్రైవరు కాగి కొలదికాలములోనే చెడును. డిమ్మరు మాటను తెలిసికొనునట్లు ప్రత్యేకముగా జేసిన డ్రైవరులు వేఱే కలవు. వానిపై ‘డిమ్మబుల్’ అను పదము ముద్రింపబడి యుండును. ఆ పదము లేని దీపమునకు డిమ్మరు పెట్టరాదు. ఇది మొదటి సూత్రము.

డిమ్మరులలో రెండు జాతులు

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. అది సెకనునకు 50 మారులు ముందునకును వెనుకకును ఊగుచుండును. అనగా సెకనునకు 100 అలలు. డిమ్మరు ఒక్కొక్క అలలో కొంతభాగమును విడిచి, కొంతభాగమును గోసివేయును. కాలువ నీటి వంతుతో దీనిని బోల్పవచ్చును. వంతుకాలము నాలుగు గంటలైనచో, రెండు గంటలే తూము తెరచి యుంచినట్లు.

ఈ కోత రెండు విధములు. మొదటి జాతి డిమ్మరు అల మొదలులో తూము మూసియుంచి, నీరు పూర్తిగా నిండిన పిమ్మట నొక్కసారిగా దెరచును. ఇది పాతది, చవుకది. దీనిలో ట్రయాక్ అను భాగముండును. దీనిని ‘లీడింగ్ ఎడ్జ్’ అందురు. నీరు ఒక్క పెట్టున దూకినచో గట్టు కోసుకొనిపోవునట్లు, ఇది తెరచినప్పుడెల్ల డ్రైవరుపై సెకనునకు నూరు దెబ్బలు పడును. గుంయిమను ధ్వని పుట్టుటకు గల ముఖ్యకారణములలో నిది యొకటి. రెండవ జాతి డిమ్మరు అల మొదలుననే, నీరింకను పెరుగుచుండగనే తెరచి, కడపట మూయును. దీనిని ‘ట్రెయిలింగ్ ఎడ్జ్’ అందురు. దీని ధర కొంత హెచ్చు, కాని ఎల్.ఇ.డి. డ్రైవరులకు సామాన్యముగా నిదియే మృదువుగా బనిచేయును, చప్పుడును తక్కువ. అయినను దీపము చేసినవాడు మొదటి జాతియే కావలెనని వ్రాసియుంచినచో దానినే పెట్టవలెను. డ్రైవరు కాగితమే ప్రమాణము గాని మన యూహ కాదు.

ఒక యింటి సంగతి

డెల్టా గ్రామములలో నొకదానిలో సంఘ సభ్యుడొకడు నూతనగృహము గట్టించి హాలులో 10 వాట్ల డౌన్‌లైట్లు ఎనిమిది పెట్టించెను. అతని తల్లికి రెండు కన్నులకును శుక్లములు తీసియుండిరి. సాయంకాలమున ఆమె హాలులో గూర్చుండలేక, కొంగు నొసటిపైకి లాగుకొని వరండాలోనికి బోవుచుండెను. కుమారునికి మనసు గట్టిగా దగిలి, పట్టణమునకు బోయి యొక డిమ్మరును దెచ్చి బిగింపించెను. దీపములు మాత్రము ముందున్నవే. అవి డిమ్మబుల్ కావు. సగము త్రిప్పువరకు మార్పు లేదు. అటుపిమ్మట దీపములన్నియు వణకనారంభించినవి. ఆ వణకు ఆమె కన్నులకు నిండు వెలుగుకన్న దుర్భరమయ్యెను. రెండు నెలలలో మూడు దీపములు చల్లారినవి. అంగడివాడు దీపముల తప్పనియు, దీపములు చేసినవారు డిమ్మరు తప్పనియు జెప్పిరి. నిజమునకు రెండును మంచివే. జత మాత్రము కుదరలేదు.

మేము చూచినప్పుడు అతనికి జెప్పిన యుపాయమిది. ఎనిమిదింటిలో నాలుగు దీపములు తీసివేసి, ఆ నాల్గు తావులలో డిమ్మబుల్ డ్రైవరుగల వెచ్చని రంగు దీపములు పెట్టి, వానికి దగిన రెండవ జాతి డిమ్మరు నమర్చవలెను. మిగిలిన నాల్గింటిని సాధారణ స్విచ్చిపై నుంచవలెను. అతడట్లే చేసెను. ఇప్పుడా తల్లి వరండాలోనికి బోవుట లేదు. పిల్లలు చదువుకొనునప్పుడు రెండవ స్విచ్చి వేయుదురు. ఇల్లంతటికిని మార్చిన పని లేకపోయెను.

కొనునప్పుడు చూడవలసినవి

1. దీపముపైగాని డ్రైవరుపైగాని ‘డిమ్మబుల్’ అని స్పష్టముగా నుండవలెను. అంగడివాని నోటిమాట చాలదు. డబ్బాపై నున్న మాటను బిల్లుపై వ్రాయించుకొనుడు.

2. ఏ జాతి డిమ్మరు కావలెనో డ్రైవరు కాగితమునుండి తెలిసికొనుడు. కొన్ని తయారీ సంస్థలు తమ దీపములకు ఏ యే డిమ్మరులు సరిపడునో పట్టిక ప్రకటించును. అట్టి పట్టిక యున్న దీపమునే కొనుట లెస్స.

3. పూర్వము వాడిన మూడు రంగుల దీపములతో భ్రమపడకుడు. స్విచ్చి ఆర్పి వేసినకొలది తెలుపు, పసుపు, నడిమి రంగులు మారునవి రంగు మార్చునే గాని వెలుగు తగ్గించునవి కావు. ఫోనుతోగాని రిమోటుతోగాని తగ్గింపదగిన దీపములను డిమ్మరుపై నెన్నడును పెట్టరాదు. వానికి నిండు విద్యుత్తు కావలెను.

4. రంగును ముందే యెన్నుకొనుడు. తీగబల్బు తగ్గినకొలది ఎఱ్ఱబడి హాయి గొల్పును. ఎల్.ఇ.డి. దీపము అట్లు మారదు. నీలపు వెలుగునిచ్చు బిళ్లపై పసుపు పూత పూసి తెల్లని వెలుగు పుట్టించుట దీని మర్మము. ఆ నీలపు బిళ్లను సాధించినందులకే అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమతి వచ్చినది. తగ్గించినను రంగు దాదాపుగా నదే నిలుచును. 6500 కెల్విను అని వ్రాసిన పాలతెలుపు దీపమును తగ్గించినచో బూడిదరంగు వెలుగై మనసునకు దిగులు గలిగించును. పడకగదికి, హాలునకు 2700 లేక 3000 కెల్విను దీపము మేలు.

5. ఎంత తక్కువకు తగ్గునో యడుగుడు. మన కన్ను చిత్రమైన కొలబద్ద. కొలసాధనమునకు నాల్గవ వంతైన వెలుగు కంటికి సగముగా దోచును. నూటికి 10 వంతులకు తగ్గు దీపము కంటికి మూడవ వంతువలె గనబడును. కూర్చుండి మాటలాడుకొనుటకు ఇది చాలును. రాత్రి నిదురకు చాలదు. దానికి నూటికి ఒక వంతువరకు తగ్గునది కావలెను, లేదా వేఱొక చిన్న రాత్రిదీపము పెట్టుకొనవలెను.

6. భారతీయ ప్రమాణముల సంస్థ నమోదు గుర్తు చూడుడు. డ్రైవరునకు ఐ.ఎస్. 15885, బల్బునకు ఐ.ఎస్. 16102 అను సంఖ్యలును, ‘ఆర్’ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు నుండవలెను.

వాట్ల లెక్క

ఎడ్లబండికి అధికభారము కీడు; పూర్తిగా ఖాళీయైనను బండి యెగిరెగిరి పడును. డిమ్మరు సంగతియు నట్టిదే. దానికి గరిష్ఠ భారమును, కనిష్ఠ భారమును గలవు.

డిమ్మరుపై 400 వాట్లని పెద్దయక్షరములతో ముద్రించి యుండును. అది తీగబల్బుల లెక్క. ఎల్.ఇ.డి. లెక్క దాని ప్రక్కనే చిన్నయక్షరములలో వేఱుగా నుండును. మిక్కిలి తక్కువగా నుండును. అది వ్రాయనిచో, పనివారిలో ననుభవజ్ఞులు పదవ వంతుకు మించి లెక్కింపరు. అనగా 400 వాట్ల డిమ్మరుపై 40 వాట్ల ఎల్.ఇ.డి. దీపములే. 10 వాట్లవి నాలుగు.

ఇక కనిష్ఠ భారము. పాత జాతి డిమ్మరులలో ననేకమునకు 40 లేక 60 వాట్లయినను భారముండవలెను. 7 వాట్ల దీపములు నాలుగు పెట్టినచో మొత్తము 28 వాట్లే. అప్పుడు డిమ్మరు పట్టు దప్పి దీపములు మినుకును. పై రెండు లెక్కలను గలిపి చూడుడు. 60 వాట్లకు తక్కువ పనికిరాదు, 40 వాట్లకు మించరాదు అను డిమ్మరులో మన దీపములకు తావే లేదు. పాత తీగబల్బుల డిమ్మరును ఎల్.ఇ.డి. దీపములకు వాడుట యెందుకు గూడదో యీ లెక్కయే చెప్పుచున్నది. ఎల్.ఇ.డి. కొరకు చేసిన రెండవ జాతివానిలో కనిష్ఠ భారము 5 లేక 10 వాట్లుగా నుండునవి దొరకును.

ఫ్యాను రెగ్యులేటరు డిమ్మరు కాదు

స్విచ్చిబోర్డు పలకలో ఫ్యాను రెగ్యులేటరును, డిమ్మరును ఒకే యాకారమున, ఒకే గుండ్రని మరతో నుండును. ఇంటిలో మిగిలిన రెగ్యులేటరును దీపమునకు దగిలించుట కొందఱు పనివారి యలవాటు. ఇది కూడదు. అంచెలంచెలుగా తిరుగు నేటి రెగ్యులేటరులో కెపాసిటరులుండును. అవి ఫ్యాను మోటారునకు దగినట్లు చేయబడినవి. వానిని ఎల్.ఇ.డి. డ్రైవరునకు గలిపినచో రెండును పరస్పరము చెఱుపుకొనును. అట్లే ఎల్.ఇ.డి. డిమ్మరును ఫ్యానునకు గలుపరాదు. మోటారు కాగి గుంయిమనును. ఏ పనికి చేసిన పనిముట్టు ఆ పనికే. కొడవలితో దుక్కి దున్నము గదా.

ఇన్వర్టరు గలవారికి

పల్లెలలో కరెంటు పోవుట మానలేదు గనుక అనేక గృహములలో ఇన్వర్టరు గలదు. అందులో స్క్వేర్ వేవ్, సైన్ వేవ్ అని రెండు రకములు. డిమ్మరు విద్యుత్తు అలను గుర్తుపట్టి, అది సున్నకు వచ్చిన క్షణమునుండి లెక్కించి కోయును. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు నుండి వచ్చు అల నునుపైనది కాదు, మెట్లుమెట్లుగా నుండును. దానిపై డిమ్మరు లెక్క దప్పును. దీపములు వణకును, ధ్వని హెచ్చును, కొన్నిసార్లు డ్రైవరు కాలును. కావున స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు గలవారు డిమ్మరు దీపముల తీగను ఇన్వర్టరు లైనునుండి తప్పించి, ఆ గదిలో నొక సాధారణ దీపమును మాత్రము ఇన్వర్టరుపై నుంచుకొనవలెను. సైన్ వేవ్ ఇన్వర్టరైనను పరీక్షించిన పిమ్మటనే కలుపవలెను.

మొలకశాతము చూచి విత్తినట్లు

విత్తనములు నూరు గింజలు తడిగుడ్డలో గట్టి మొలకశాతము చూడకుండ పొలమంతయు జల్లు రైతు లేడు. దీపముల విషయమునను అట్టి పరీక్ష యావశ్యకము. ఒక గదికి వలసిన దీపములను, డిమ్మరును మాత్రమే ముందు కొనుడు. ఒకే దీపముతో పరీక్షించి తృప్తి పడవలదు. భారము చాలక మంచి దీపమును వణకవచ్చును. లేదా, ఒకటి బాగుగా వెలిగినను ఎనిమిదింటితో చిక్కు రావచ్చును. ఆ గది దీపములన్నియు గలిపి, సీలింగులో బిగించుటకు ముందే, పనివానిచేత తాత్కాలికముగా వెలిగింపించి యీ క్రింది విషయములను గమనింపుడు.

డిమ్మరును కనిష్ఠమునకు ద్రిప్పి పదినిముషము లుంచుడు. అన్ని దీపములును సమముగా వెలుగుచున్నవా? ఒకటి ముందు ఆరిపోవుచున్నదా? కనిష్ఠమున నుండగనే యార్పి తిరిగి వేయుడు, వెలుగుచున్నదా? రాత్రి ఫ్యాను ఆపి చెవి యొగ్గుడు, ధ్వని యున్నదా? ఫోను కెమెరాతో దీపమును చూడుడు. తెరపై నల్లని చారలు దట్టముగా బ్రాకుచున్నచో, కంటికి దెలియని మినుకు హెచ్చుగా నున్నదని గ్రహింపుడు. సన్నని పుల్లను దీపము క్రింద వేగముగా నూపుడు. ఒకే మసకగా గాక అనేక పుల్లలు విడివిడిగా గనబడినచో అదియు నట్టి దోషమే. ఇట్టి మినుకు కొందఱికి తలనొప్పియు, కన్నుల యలసటయు గలిగించును. గంటసేపు వెలిగిన పిమ్మట డిమ్మరు పలకను తాకుడు. గోరువెచ్చగా నుండుట సహజము. చేయి యుంచలేనంత కాగినను, కాలిన వాసన వచ్చినను వెంటనే ఆపవలెను. సాయంకాలము మోటార్లు నడచువేళ ఒకసారి, ఇన్వర్టరుపై నొకసారి యీ పరీక్ష చేయుడు.

అమర్చునప్పుడు

ఈ పని స్వయముగా జేయదగినది కాదు. ప్రభుత్వ యనుమతి గల వైరుమ్యానుచేత జేయింపవలెను. మీరు చేయవలసినది దగ్గరనుండి చూచుకొనుట.

మొదట మెయిను వద్ద ఆ సర్క్యూటు ఎం.సి.బి.ని దింపించుడు. ఇన్వర్టరు లైనును ఆపించుడు. ఇది మఱచినవారు ప్రాణములు గోల్పోవుచున్నారు. మెయిను దింపినను ఇన్వర్టరు తీగలో విద్యుత్తుండును. టెస్టరుతోగాని మీటరుతోగాని చూచిన పిదపనే తీగ ముట్టవలెను.

డిమ్మరు ఎల్లప్పుడును ఫేజు తీగపైననే యుండవలెను. న్యూట్రలుపై బెట్టినచో ఆర్పిన తరువాతగూడ దీపమున విద్యుత్తు నిలిచి, రాత్రులు మిణుగురుపురుగువలె సన్నగా వెలుగుచుండుటయేగాక, ముట్టినవానికి దెబ్బ తగులును. కొన్ని డిమ్మరులకు న్యూట్రలు తీగయు గావలెను. మన స్విచ్చిబోర్డులలో ప్లగ్గుండుటచే తరచుగా న్యూట్రలు అందే లభించును. అయినను కొనుటకు ముందే బోర్డు విప్పించి చూచుకొనుట మంచిది. మెట్లవద్దవలె రెండుచోట్లనుండి వేయు దీపమునకు డిమ్మరు ఒక్కటియే యుండవలెను; రెండు చోట్లను డిమ్మరులు పెట్టరాదు. ఒకే పలకలో రెండు మూడు డిమ్మరులను ప్రక్కప్రక్కనే బిగించినచో నొకదానివేడి యొకదానికి దగులును. ఎడము విడువుడు, భారమును తగ్గింపుడు.

సీలింగుపైన డ్రైవరునకు గాలి యాడవలెను. దానిపై థర్మోకోలు ముక్కలుగాని, గోనెగుడ్డలుగాని, మిగిలిన సామానుగాని పడవేయరాదు. అతుకులు టేపు చుట్టి వదలక కనెక్టరులలో బిగింపవలెను. సీలింగు మూసిన పిమ్మట వానిని జూచువారెవరును లేరు, ఎలుకలు మాత్రము చూచును. లోహపు దీపములకు ఎర్తు తీగ తప్పక కలుపవలెను. మెయిను వద్ద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. యున్న గృహమునకు ప్రాణరక్షణ హెచ్చు. లేనివారు డిమ్మరుకన్న ముందు దానిని బెట్టింపవలెనని మా గట్టి యభిప్రాయము.

కొన్ని డిమ్మరుల వెనుకగాని ప్రక్కనగాని కనిష్ఠ వెలుగును సవరించు చిన్న మర యుండును. దీపములు వణకని హద్దువద్ద దానిని నిలిపింపుడు. మరియొక ముఖ్యవిషయము: డిమ్మరును ఆర్పినంతమాత్రమున దీపమునకు విద్యుత్తు పూర్తిగా తెగిపోయెనని నమ్మరాదు. దీపము మార్చునప్పుడెల్ల ఎం.సి.బి. దింపవలెను.

ఖర్చు, లాభము

కరెంటు బిల్లు తగ్గించుకొనుటకని డిమ్మరు పెట్టువారు లెక్క వేసికొనవలెను. 10 వాట్ల దీపములు ఎనిమిది రోజునకు 5 గంటలు వెలిగినచో నెలకు 12 యూనిట్లు. ఎల్లప్పుడును సగమునకు తగ్గించియే వాడినను మిగులునది 6 యూనిట్లు. యూనిట్టు 6 రూపాయలనుకొన్న నెలకు 36 రూపాయలు. 60 వాట్ల తీగబల్బులు ఎనిమిది అదే కాలము వెలిగినచో 72 యూనిట్లయ్యెడివి. అసలు పొదుపు ఎల్.ఇ.డి. పెట్టిననాడే వచ్చినది. డిమ్మరు వలన గలుగునది కన్నులకు సుఖము, దీపమునకు కొంత చల్లదనము. ఈ సుఖమునకు ధర యిచ్చుట మీ యిష్టము. బిల్లు తగ్గునను నాసతో మాత్రము అప్పు చేయవలదు.

తక్కువ ఖర్చులో తీరు మార్గములు రెండు గలవు. మొదటిది, దీపములను రెండు మూడు స్విచ్చిలకు విడదీయుట. ఎనిమిది దీపములున్నచో మూలలయందలి నాలుగు ఒక స్విచ్చికి, నడిమి రెండు ఒకదానికి, మిగిలిన రెండు మరియొకదానికి. ఇల్లు గట్టుచున్నప్పుడే పనివానికి జెప్పినచో దీనికి కొలది తీగ తప్ప ఖర్చు లేదు. సీలింగు మూసిన పిదప అదే పని మిక్కిలి కష్టము. ఈ బులెటిను చదువువారిలో ఇల్లు గట్టదలచినవా రెవరైన నున్నచో, ఈ యొక్క మాట గుర్తుంచుకొన్నను చాలును. రెండవది, సాధారణ స్విచ్చిని ఆర్పి వేసినకొలది వెలుగు అంచెలుగా తగ్గు ఎల్.ఇ.డి. దీపములు. వీనికి డిమ్మరు అక్కరలేదు, బోర్డు విప్పనక్కరలేదు.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు పట్టణమునకు బోయి విడివిడిగా గొన్నచో ఏ దీపమునకు ఏ డిమ్మరు సరిపడునో తెలియక నష్టపడును. చెడిన వస్తువును మార్పించుకొనుటకు వాని కొక్కనికి బలము చాలదు. పదిమంది సభ్యులు కలిసి, ఒక జతను దెప్పించి, సంఘ కార్యాలయమునందో యొక సభ్యుని యింటనో నెలదినములు వాడిచూచి, కుదిరిన జతనే యందరును గలిసి కొనినచో ధరయు తగ్గును, పూచీపత్రమును గట్టిగా లభించును. విత్తనముల మచ్చుమడి యెట్టిదో యిదియు నట్టిదే. అట్లు కొనదలచిన సభ్యులు తమ గది దీపముల సంఖ్య, ఒక్కొక్కదాని వాట్లు, ఇన్వర్టరు రకము, బోర్డులో న్యూట్రలు తీగ యున్నదా లేదా అను నాలుగు వివరములను చీటిపై వ్రాసి సంఘ కార్యదర్శికి ఇచ్చునది. ఆ నాలుగు వివరములు లేకుండ ఏ యంగడివాడైనను సరియైన డిమ్మరు నీయజాలడు.